జాంగ్రీ మెడపట్టీ

అమీర్‌పేట,
ఆదివారం.

చిరంజీవి హైందవికి నాన్న ఆశీస్సులు.

నేనూ అమ్మా ఆరోగ్యంగానే ఉన్నాం. నా మనసు బాగుందని మాత్రం రాయలేను. ఫోన్లో చెబుదామని నాలుగుసార్లు మొదలుపెట్టి, "భోంచేశావా" అని అడిగి పెట్టేశాను. అందుకే ఈ కాగితం.

పూణే నుంచి నువ్వు పంపిన మోకాలి బెల్టు సరిపోయింది. దాంతో పెట్టిన చీటీలో రెండు సంగతులు అడిగావు. కుక్క కరిచిన ఆ కుట్టుపని ఆవిడకు పరిహారం వచ్చిందా, పారిపోయిన మన జాంగ్రీ దొరికిందా అని. రెండింటికీ జవాబు ఒకటేనమ్మా.

ఆమె పేరు జీవమణి. బోరబండ నుంచి వచ్చి పంజాగుట్టలో ఒక కొట్లో జాకెట్లు కుడుతుంది. కుడిచేతి బొటనవేలి నరం తెగింది. ఆపరేషన్ చేసినా వేలు వంగడం లేదు, కత్తెర పట్టలేకపోతోంది. వీధికుక్కయితే మున్సిపాలిటీకి అర్జీ పెట్టి ఎన్నాళ్లయినా తిరగాలట. పెంపుడు కుక్కయితే దాన్ని వదిలినవాడే బాధ్యుడు, పరిహారం వాడే కట్టాలి. ఆమె లాయరు మాట ఇది. వీధికుక్కేనని సాక్షి సంతకం చేసింది నేను.

కరిచింది మన జాంగ్రీ. మోకాలు నొప్పిగా ఉందని ఆ ఉదయం పంజాగుట్ట సందులో తాడు విప్పి వదిలాను. కుక్కలను తాడు లేకుండా తిప్పరాదని మన అపార్ట్‌మెంటులో నోటీసు అంటించింది కూడా నేనే. ఆమె కింద పడి చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. జాంగ్రీ నా కాళ్ల దగ్గరికి వచ్చి నిలబడింది. నేను ముందు వంగింది ఆమెను లేపడానికి కాదు. దాని మెడపట్టీ విప్పి జేబులో వేసుకోవడానికి.

పట్టీ మీద నీ ఫోన్ నంబరు ఉంది, నిన్ను కాపాడానని కొన్నాళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది వట్టిమాట. నాకు పోలీసులంటే భయం, పరువంటే ప్రాణం. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లానని ఆమె నన్ను దేవుడంటుంది. పిచ్చికుక్కేమోనని ఆమె వారాల తరబడి వణికిపోతుంటే, జాంగ్రీ టీకాల పుస్తకం మన బీరువాలోనే ఉంది. చూపించలేకపోయాను.

నీకు చెప్పినట్టు జాంగ్రీ పారిపోలేదు. ఆ సందులోనే మున్సిపాలిటీవాళ్లు దాన్ని పట్టుకుని, సాక్షినని పిలిపించి, "గిదేనా సార్? ఎవలదన్న పెంపుడుదా?" అని నన్నే అడిగారు. అది వలలోంచి నన్ను చూసి తోక ఊపుతూనే ఉంది. వీధిదే అన్నాను. ఇప్పటికీ వాళ్ల షెడ్డులోనే ఉంది.

ఇవన్నీ మింగి ఊరుకునేవాణ్ణే. నిన్న జీవమణి వచ్చింది, కట్టుతోనే.

"పట్టీ చూసినట్టే అనిపించింది సార్ నాకు. మీరు లేదన్నరు గద. మీకు అబద్ధమాడే పనేముంది? నొప్పికి నా కండ్లే తప్పు చూసినయేమో. గట్లనే రాయమని లాయర్ సార్‌కు చెప్పిన," అంది.

చెయ్యి పోగొట్టింది చాలక, ఆమె కళ్లను కూడా ఆమే నమ్మకుండా చేశాను. సిగ్గుతో చచ్చిపోయాను తల్లీ.

అమ్మకు ఈ సాయంత్రం చెబుతాను. పోలీసులు నీకు ఫోన్ చేస్తే, అవును, మా కుక్కే అను. నన్ను వెనకేసుకు రాకు. రేపు స్టేషనుకీ, షెడ్డుకీ వెళ్లాలి. వాటికన్నా ముందు పట్టీ తీసుకుని బోరబండ వెళ్తాను. దాన్ని జీవమణి చేతిలో పెట్టి, నువ్వు చూసింది నిజమేనమ్మా అని చెప్పాలి.

ఇట్లు,
నీకూ అబద్ధం చెప్పిన నాన్న,
సూర్యనారాయణ.