నీటిబల్లికి నచ్చిన మొక్క

తమ్ముడూ,

నువ్వు నా నెత్తిన పెట్టి వెళ్లిన నీటిబల్లి బతికే ఉంది. అందులో నీ గొప్పేమీ లేదు. దాని గాజుతొట్టి అందంగా ఉండాలని ఎర్రాకుల మొక్కలు పంపావు చూడు, నీ కళాహృదయానికి దండం. వాటికి వెచ్చదనం కావాలన్నావని హీటరు పెట్టాను. మొక్కలు కళకళలాడాయి. చల్లనీళ్ల ప్రాణి మాత్రం మేత మానేసి పైకి తేలిపోయింది.

"మొక్కల కోసం బల్లిని ఉడకబెడుతున్నావా?" అన్నారు మీ బావ. నాకు ఏడుపొచ్చింది. హీటరు తీసేసి, నీ మొక్కలు పీకేసి, చలిని తట్టుకునే నాచును రాయికి దారంతో కట్టి తొట్టిలో ఉంచాను. నిన్న బల్లి ఆ నాచు చాటునుంచి వచ్చి, నా చేతిలోని వానపామును తింది.

చూడాలనుంటే రా. తీసుకెళ్లడానికైతే శ్రమపడకు.

మీ అక్క