నీకు పెట్టిన నీళ్లు

రత్నమ్మా,

నువ్వు చలిజ్వరంతో పోయి రేపటికి ఏడాది. ఇవాళ చింతామణి నుంచి ఒక డాక్టరు మన కెంచార్లహళ్ళి బడికి వచ్చాడు. పిల్లల మధ్యే కింద కూర్చుని, భూతద్దం చేతికిచ్చి, ఏం కావాలన్నా అడగమన్నాడు. నువ్వుంటే వాళ్లకంటే ముందు నువ్వే అడిగేదానివి.

తలా ఒక చెంబు ఇంటి నీళ్లు తెమ్మన్నాడు. మన గౌరి, నడవలో నీ పేరున పెట్టిన చెంబు తెచ్చింది; వెంట నేనూ వెళ్లాను. అమ్మ నీళ్లు పారబోయకూడదని, తగ్గినప్పుడల్లా అది పైన పోస్తూనే వచ్చింది.

"అప్పా, చూడు, ఎట్ల ఎగురుతాండాయో!" అని నాకూ అద్దం ఇచ్చింది. సన్నటి పురుగులు. పిల్లలంతా ఒకటే నవ్వు.

"ఇవి పెద్దయితే ఏమయితాయి సార్?" అని గౌరే అడిగింది.

"దోమలమ్మా. చలిజ్వరం తెచ్చేది అవే." డాక్టరు చెంబులోకి మళ్లీ వంగి చూశాడు. ఈసారి నవ్వలేదు. "ఖాళీ పొట్టులే ఎక్కువుండాయి. చాలామటుకు అప్పుడే దోమలై ఎగిరిపోయినాయి. ఈ చెంబు ఎవరింటిది?"

గౌరి గర్వంగా చెయ్యెత్తింది.

ఇంటికొచ్చి ఆ చెంబు బోర్లించాను. బయట మిట్టమధ్యాహ్నం ఎండ మాడిపోతోంది. గౌరి నీ కంబళి కప్పుకుని గోడవారగా ముడుచుకుంది.

"అప్పా, చలిగా ఉండాది," అంటోంది.