పంచుకుని పెంచిన పిల్లలకు

బిస్కెట్ల ఫ్యాక్టరీలో ముప్పై ఆరేళ్ళు పిండి కలిపే మేస్త్రీగా పనిచేసి రిటైరైన నేను, డెబ్బై మూడేళ్ళ వయసులో, తాళాల కొట్టు పైనున్న నా సొంత ఇంట్లో, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి, నా సొంత దస్తూరీతో రాస్తున్న వీలునామా ఇది. ఒంట్లో బాగాలేదు గానీ బుద్ధి బాగానే ఉంది. ఈ బుద్ధి ముప్పై అయిదేళ్ళ కింద ఉండి ఉంటే ఈ కాగితం ఒక పేజీలో తేలిపోయేది. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. రాసినట్టు ఎవరైనా చూపిస్తే అది చెల్లదు.

నాకు వారసులు ఇద్దరు. కొడుకు, నలభై మూడేళ్ళు, కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తాడు. కూతురు, నలభై ఏళ్ళు, బస్సు డిపోలో గుమాస్తా. ఇందులో వాళ్ళని పెద్దాడు, చిన్నది అనే రాస్తాను. నా భార్య ఆసుపత్రిలో పిల్లల వార్డు నర్సు. పోయి నాలుగేళ్ళయింది. ఆవిడతో కలిసి అదే వార్డులో పనిచేసిన పెద్ద నర్సమ్మకు ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత అప్పగిస్తున్నాను. పిల్లలిద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి ఆమె దీన్ని మొదటినుంచి చివరిదాకా పైకి చదవాలి. మధ్యలో ఎవరైనా లేచి వెళ్తే, వాళ్ళు తిరిగొచ్చేదాకా ఆగాలి.

1. రెండు గదులు, వంటిల్లు, వీధివైపు వసారా ఉన్న ఈ ఇల్లు పెద్దాడికీ చిన్నదానికీ చెరిసగం. మధ్యలో గోడ కట్టుకోవద్దు. అమ్మి, వచ్చింది పంచుకోండి. ఈ ఇంట్లో ఇదివరకు ఒక పంపకం జరిగింది. అందులో ఆస్తి ఏమీ లేదు, మీరిద్దరే ఉన్నారు. ఎలా జరిగిందో మీకు పూర్తిగా ఎవరూ చెప్పలేదు. దస్తావేజులో హద్దులు రాసినట్టు అదీ రాయాల్సిందే.

నేను ఆకలి తెలిసినవాణ్ణి. మా నాన్న పోయాక మా అమ్మ నాలుగిళ్ళలో గిన్నెలు తోమి మమ్మల్ని సాకింది. మూడేళ్ళ నా తమ్ముడు జ్వరమొచ్చి పోతే, డాక్టరు చూసి, జ్వరానికి కాదు, ఒంట్లో ఏమీ లేక పోయాడన్నాడు. అప్పట్నుంచి నాకు ఒకటే వేదం: కడుపు నిండా తిని చచ్చినవాడు లేడు. పిల్లలకి నచ్చింది పెట్టాలి, చాలు అనేదాకా పెట్టాలి. ఫ్యాక్టరీలో విరిగిన బిస్కెట్లు పనివాళ్ళకి తూకానికి ఇచ్చేవారు. రోజూ ఒక పొట్లం తెచ్చేవాణ్ణి. నా చెప్పుల చప్పుడు మెట్ల మీద వినబడగానే ఇద్దరూ ఎదురొచ్చేవారు. నా జీవితంలో నన్ను చూసి ఎవరైనా పరిగెత్తుకొచ్చింది ఆ రోజుల్లోనే.

మీ అమ్మ చూసింది వేరు. వార్డులో ఒక మధ్యాహ్నం నాలుగేళ్ళ పిల్ల ఆవిడ చేతుల్లోనే పోయింది. పళ్ళన్నీ పుచ్చి, చీము రక్తంలోకి ఎక్కింది. పిల్ల ఏడవకుండా ఉండాలని తల్లి రోజంతా దాని నోట్లో మిఠాయి పెట్టేదట. ఆ రోజు ఇంటికొచ్చి మీ అమ్మ నేను తెచ్చిన పొట్లం తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేసింది. నేను వంగి ఏరుకున్నాను. అక్కడ మొదలైంది.

నేనన్నదీ తప్పు కాదు. ఆవిడన్నదీ తప్పు కాదు. ఇద్దరు తప్పుడు మనుషులు పోట్లాడుకుంటే ఎప్పుడో ఒకప్పుడు సిగ్గుపడి ఆగుతారు. మేము చచ్చిపోయిన పిల్లల తరపున పోట్లాడుకున్నాం. అందుకే ఆగలేదు. మూడేళ్ళ పాటు ఆవిడ ఉడికించిన కూరలు ముందు పెడితే నేను పక్కన వేపుడు పెట్టాను. ఆవిడ పాలలో చక్కెర మానేస్తే నేను చెంచాడు ఎక్కువ వేశాను. ఒక ఆదివారం ఇటు ఆవిడ ముద్ద, అటు నా ముద్ద రెండూ మింగి పెద్దాడు బల్ల మీదే వాంతి చేసుకున్నాడు. ఆవిడ శుభ్రం చేసింది. చేతులు కడుక్కుని వచ్చి, అరవకుండా, మందు మోతాదు చెప్పినట్టు చెప్పింది:

"పెద్దాడు నావాడు. చిన్నది మీది. ఇకనుంచి ఎవరి బిడ్డకి వాళ్ళు పెట్టుకుందాం. ఎవరి మాట నిజమో వాళ్ళ ఒళ్ళే చెబుతుంది."

నేను సరే అన్నాను. కోపంలో అన్న మాట మర్నాటికి చల్లారాలి. మాది గడ్డకట్టింది. పెద్దాడికి ఎనిమిదేళ్ళు, చిన్నదానికి అయిదు. అలమారాలో పై అర నాదీ చిన్నదానిదీ, కింది అర ఆవిడదీ పెద్దాడిదీ. పదకొండేళ్ళు అలాగే నడిచింది.

2. భోజనాల బల్ల, నాలుగు కుర్చీలు. కావాలా అని ఇద్దరినీ అడిగాను. ఇద్దరూ వద్దన్నారు. మీరిద్దరూ ఒకే మాట మీద నిలబడటం నాకు తెలిసి అదొక్కసారే. పాత సామాన్ల వాడికి ఇచ్చేయండి.

3. తగరపు బిస్కెట్ల డబ్బా పెద్దాడికి. అందులో ఏమీ లేదు. ఎందుకిస్తున్నానో వాడికి తెలుసు, అయినా రాస్తాను. వాడికి పదేళ్ళప్పుడు, వాళ్ళమ్మ డ్యూటీలో ఉండగా, నేను చిన్నదానికి బిస్కెట్లు పెడుతుంటే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చాలాసేపు నిలబడి, "నాన్నా, నాకొక్కటి" అన్నాడు.

"మీ అమ్మనడుగు" అన్నాను.

వాడు అడగలేదు. మళ్ళీ ఎప్పుడూ ఏదీ అడగలేదు. వారం తిరక్కుండా డబ్బాలో రెండు తగ్గాయి. ఒక తండ్రి చెయ్యాల్సింది డబ్బా మూత తీసి పెట్టడం. నేను కింది కొట్టుకి తీసుకెళ్ళి దానికి తాళం వేయించాను. బిస్కెట్లకి తాళమెందుకు మేస్త్రీ అని తాళాలతను అడిగితే, చీమలన్నాను. తాళం వేస్తే ఆగే చీమల్ని తానెక్కడా చూడలేదన్నాడతను.

ఇంకొకటి కూడా ఉంది. దాన్ని రాయడానికే మూడు రోజులుగా ఈ కాగితం ముందు కూర్చుంటున్నాను. పన్నెండేళ్ళప్పుడు పెద్దాడు బడి మైదానంలో పరుగు పందెంలో కళ్ళు తిరిగి పడిపోయాడు. కబురు ఫ్యాక్టరీకి వచ్చింది. చేతుల పిండి కూడా దులుపుకోకుండా పరిగెత్తాను. దారంతా భయమే. కానీ బెంచీ మీద పడుకోబెట్టిన వాడి ముఖం, తెల్లగా పాలిపోయి, చూడగానే నా గుండెలో పుట్టిన మొదటి మాట "అయ్యో" కాదు. "గెలిచాను." ఆ తర్వాతే వాణ్ణి ఎత్తుకున్నాను. పెద్దాడా, ఎత్తుకున్న చేతులు నీకు గుర్తుండవచ్చు. వాటికి ముందు ఏముందో నువ్వు తెలుసుకోవాలి.

మీ అమ్మకీ అలాంటి రోజు ఉంది. బడిలో చిన్నదాన్ని బస్తా అని పిలిచేవారు. ఒక రోజు అది మెట్లెక్కలేక సగంలో కూర్చుని ఆయాసపడుతుంటే, పైనుంచి చూస్తున్న ఆవిడ ముఖంలో నా ముఖమే కనబడింది. చనిపోయిన మనిషి గురించి ఇంతకన్నా రాయడం న్యాయం కాదు.

4. నా భార్య పుస్తకం, నీలం అట్టది, చిన్నదానికి. ఆసుపత్రిలో రోగుల లెక్క రాసినట్టు పెద్దాడు ఏ పూట ఏం తిన్నాడో ఆవిడ అందులో రాసేది. అది నీకెందుకు నాన్నా అంటావు. వెనక నుంచి తిప్పు తల్లీ. వెనక పేజీలన్నీ నువ్వే. నేను నీకు ఏం పెట్టానో రోజూ గమనించి రాసింది. పక్కన చిన్న అక్షరాలతో తన మాటలు. "ఇవాళ దానికి ఒక గుడ్డు పెట్టి ఉంటే బాగుండును." "చిన్నది దగ్గుతోంది. వెళ్ళి చూస్తే మాట పోతుంది. వెళ్ళలేదు." "జడ వేస్తుంటే నా చేతి వాసన చూసింది." పదకొండేళ్ళూ ఒక్క రోజు వదల్లేదు.

అమ్మ నాకు ఒక్క ముద్ద పెట్టలేదని నువ్వు నాతో ఎన్నోసార్లు అన్నావు. నిజమే, పెట్టలేదు. ఈ పుస్తకం ముద్ద కాదు, నాకు తెలుసు. ఆవిడ పోయిన వారానికే నా కంటబడింది. చూపిస్తే ఎక్కడ ఆవిడ పక్షం చేరిపోతావోనని నాలుగేళ్ళు పరుపు కింద దాచాను. చచ్చిపోయిన మనిషితో కూడా పోటీ పడ్డాను.

పెద్దాడా, నీ గురించి నా దగ్గర అలాంటి పుస్తకం ఏదీ లేదు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు వెతకొద్దు.

5. నా తోడల్లుడికి ఏమీ ఇవ్వడం లేదు. మా పంపకం సంగతి విని, ఎవరి బిడ్డ ముందు పొడుగవుతుందో పందెం కాద్దామని మా ఇంట్లో కూర్చుని నవ్వినవాడు ఆయన. పిల్లలిద్దరినీ గోడకి ఆనించి నిలబెట్టి కొలిచాడు కూడా. ఆ రోజు నేనూ నవ్వాను. పట్టుకెళ్ళిన నా గొడుగు ఆయనే ఉంచుకోవచ్చు. అది చిల్లుదే.

6. (కొట్టివేయబడినది.) ఏడాదికి ఒక్క పూటైనా ఇద్దరూ ఒకచోట కూర్చుని తింటేనే ఇల్లు దక్కుతుందని ఇక్కడ ఒక షరతు రాశాను. దస్తావేజులు రాసే ఆయన చూసి, తిన్నారో లేదో ఏ కోర్టు చూస్తుందండీ అన్నాడు. కొట్టేసి పక్కన సంతకం పెట్టాను. కోర్టు ఒప్పుకున్నా మీరు ఒప్పుకోరు. మీ అమ్మ పోయిన రోజు ఇరుగుపొరుగు భోజనం తెచ్చిపెడితే, పెద్దాడు తన డబ్బా తెచ్చుకుని లోపలి గదిలో తలుపేసుకుని తిన్నాడు. చిన్నది వంటింట్లో గోడవైపు తిరిగి నిలబడి తింది. ఇవాళైనా కలిసి కూర్చోండిరా అని బతిమాలాను. పెద్దాడు కోపంగా కూడా అనలేదు. "మేమిద్దరం ఒకే ఇంట్లో పెరగలేదు కదా నాన్నా" అన్నాడు.

ఎవరి మాట నిజమో వాళ్ళ ఒళ్ళే చెబుతుందని మీ అమ్మ అంది. చెప్పింది. పెద్దాడికి ఒంట్లో ఏ రోగమూ లేదు. కానీ పెళ్ళి భోజనం దగ్గర కూడా ప్లేటు పట్టుకోడు. తన కూతురు నోట్లో పెట్టుకునే ప్రతి ముద్దా కళ్ళతో తూస్తాడు. ఆ పసిది తినేముందు వాళ్ళ నాన్న ముఖం చూస్తుంది. చిన్నదానికి ముప్పై దాటకుండానే చక్కెర జబ్బు వచ్చింది, రోజూ సూది వేసుకుంటుంది. పిల్లలు వద్దనుకుంది. ఎందుకమ్మా అని ఒకసారి అడిగాను. "ఏం పెట్టాలో నాకు తెలియదు నాన్నా" అంది.

మేమిద్దరం గెలవలేదు. ఓడిందెవరో రాయనక్కరలేదు.

7. స్టీలు డబ్బాలు. పెద్దాడివి మూడు, చిన్నదానివి నాలుగు, కడిగి అలమారాలో పెట్టి ఉన్నాయి. ఎవరివి వాళ్ళకి తిరిగి ఇవ్వాలి.

నాకు కడుపులో పుండని మీ ఇద్దరికీ చెప్పాను. అది విన్న మర్నాటినుంచి రోజూ మధ్యాహ్నం రెండు డబ్బాలు వస్తున్నాయి. పెద్దాడు పంపేది ఉప్పు, నూనె లేకుండా ఉడికించినది. నాన్నకి అదే మంచిదని వాడి పట్టు. చిన్నది పంపేది నాకు ఇష్టమైనవన్నీ. ఈ వయసులో మనిషిని నోరు కట్టుకోమనడం పాపమని దాని పట్టు. నా గురించి ఫోనులో ఇద్దరూ పోట్లాడుకున్నారని నర్సమ్మ చెప్పింది. పన్నెండేళ్ళ తర్వాత మీరు మాట్లాడుకున్న మొదటి మాటలట అవి. నాకు ఏం పెట్టాలన్న దాని మీద.

నాకున్నది పుండు కాదు. ఆహారం దిగే దారిలో గడ్డ. అయిదు వారాలుగా గుక్కెడు నీళ్ళు కూడా దిగడం లేదు. పొట్టకి పక్కనుంచి గొట్టం వేశారు. నర్సమ్మ రోజుకి నాలుగుసార్లు వచ్చి అందులో పోస్తుంది. ఆదివారాలు మీరు వేరువేరు వేళల్లో వచ్చి కూర్చున్నప్పుడు దుప్పటి కప్పుకుని ఉన్నది అందుకే. చెప్పలేదేమని మీరు ఆమెను నిలదీయొద్దు, నేనే ఒట్టు వేయించుకున్నాను. చెబితే గొట్టంలో ఏం పోయాలన్న దాని మీద పోట్లాడుకుంటారు. అది వినే ఓపిక నాకు లేదు.

డబ్బాలు రెండూ కింది తాళాలతను తింటున్నాడు. ఒక్కడే మనిషి, వండిపెట్టేవాళ్ళు లేరు. రెండూ ఒకే పళ్ళెంలో వంచుకుని కలిపి తింటాడు. ఒకదాంట్లో ఉప్పు లేదు, ఇంకోదాంట్లో ఎక్కువైంది, కలిపితే సరిపోయింది మేస్త్రీ అన్నాడు మొదటిరోజే. అతనేదో మామూలుగా అన్నాడు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. సాక్షి సంతకం పెట్టేవాడికి ఏమీ రాయకూడదట కాబట్టి అతనికి ఏమీ రాయడం లేదు.

సాయంత్రం ఆరింటికి పెద్దాడు ఫోను చేస్తాడు. "తిన్నావా నాన్నా?" అంటాడు. నువ్వు పంపిందే తిన్నాను, చిన్నదానిది ముట్టలేదు అంటాను. వాడు ఊపిరి పీల్చుకోవడం వినబడుతుంది. ఏడింటికి చిన్నది చేస్తుంది. నీదే తిన్నానమ్మా, వాడిది పక్కన పెట్టాను అంటాను. అది నవ్వుతుంది. రెండోవాళ్ళని ఓడించకుండా మీలో ఒక్కరిని సంతోషపెట్టడం నాకు ఈ వయసులో కూడా చేతకాలేదు.

ఈ కాగితంలో రాసిందంతా నిజమని ప్రమాణం చేస్తున్నాను. ఈ సాయంత్రం ఆరింటికీ ఏడింటికీ చెప్పబోయేవి మాత్రం అబద్ధాలు.

తేదీ: ఆగస్టు పద్నాలుగు, గురువారం, మధ్యాహ్నం మూడు గంటలు.

(సంతకం)
బిస్కెట్ల ఫ్యాక్టరీ మాజీ పిండి మేస్త్రీ

మా కళ్ళ ఎదుట ఆయన చదివి, స్వయంగా సంతకం చేశారు:

సాక్షి 1: (సంతకం) తాళాల కొట్టు యజమాని, కింది వాటా
సాక్షి 2: (సంతకం) మందుల షాపు గుమాస్తా, ఎదురు వీధి