అత్త ఏరి ఇచ్చిన పుస్తకాలు

నవంబరు 12, ఆదివారం
బైండింగు గది, కిటికీ పక్క బల్ల

చిరంజీవి చిట్టెలుకకు,

మీ అత్త మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, నా మోకాళ్లు, పుస్తకాలు నొక్కే లైబ్రరీ వాళ్ల పాత ప్రెస్సు, ముగ్గురమూ ఒకరినొకరు తిట్టుకుంటూ క్షేమంగానే ఉన్నాం. నువ్వు ఆ కొత్త ఊళ్లో వేళకి తింటున్నావనీ, కళ్లజోళ్ల దుకాణంలో మళ్లీ పనికి కుదిరాక కాస్త తేరుకున్నావనీ అనుకుంటున్నాను. అలా అనుకోకపోతే నాకు ఇక్కడ జిగురు కలపడానికి కూడా చేతులు ఆడడం లేదు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. పద్నాలుగు నెలల తర్వాత నీ దస్తూరి చూశాను కదా, కవరు చింపబుద్ధి కాలేదు. పుస్తకం అంచు కోసినట్టు కత్తితో నెమ్మదిగా కోశాను. నాలుగుసార్లు చదివాను. మొదటిసారి సంతోషంతో, మిగతా మూడుసార్లూ సిగ్గుతో. అసలు మాట చివరిదాకా నాన్చడం నాకు అలవాటని నీకు తెలుసు, ఓపిక పట్టు.

విక్కా గురించి మళ్లీ మొదటినుంచి చదవాలనుందన్నావు. ఈసారీ పుస్తకాలు నన్నే ఏరి పంపమన్నావు. నీ తెలివి మీద నీకే నమ్మకం పోయిందని రాశావు. అన్నేసి పుస్తకాలు చదివి కూడా ఒక్క హెచ్చరికా కంటపడనంత గుడ్డిదాన్నయ్యాను, పైగా ఊరందరికీ కళ్లజోళ్లు అమర్చేదాన్ని అని నీ మీద నువ్వే జోకు వేసుకున్నావు. ఆ జోకుకి నాకు నవ్వు రాలేదే.

మీ అమ్మ పోయిన ఏడాది నువ్వు నా రెండు గదుల ఇంటికి వచ్చావు. మీ నాన్న ఓడ ఇంజన్ల పని మీద ఏడాదిలో తొమ్మిది నెలలు నీళ్ల మీదే ఉంటాడాయె. సాయంత్రం పనినుంచి రాగానే వంటింటి కిటికీలో కొవ్వొత్తి వెలిగించుకుని, ఒక ఎర్ర నోటుబుక్కులో ఏదో రాసుకుంటూ కూర్చునేదానివి. ఏం రాస్తున్నావే అని అడిగితే, అమ్మతో చెప్పాల్సినవన్నీ ఇందులో చెబుతున్నానన్నావు. నేను గిన్నె కడుగుతున్నట్టు నటించి అటు తిరిగాను.

విక్కా అనే మాట మొదట నీ నోటే విన్నాను. చంద్రుణ్ణీ, ఋతువుల్నీ, మట్టినీ దేవుడిగా దేవతగా కొలిచే మార్గమన్నావు. అందులో రెండు దారులున్నాయన్నావు. గుంపులో చేరి, గురువు దగ్గర దీక్ష తీసుకుని, మెట్టు తర్వాత మెట్టు ఎక్కే సంప్రదాయ దారి ఒకటి. ఎవరింట్లో వాళ్లు, తమకు తాముగా నేర్చుకునే ఒంటరి దారి ఇంకొకటి. ఏది నీదో తేల్చుకోవడానికి రెండింటికీ పుస్తకాలు కావాలన్నావు. నువ్వు రోజూ పుస్తకాల పొట్టలు విప్పి చూసేదానివి కదా అత్తా, నీకు తెలియందేముంది, నువ్వే ఏరి ఇయ్యి అన్నావు.

నేను ఎంత ఉబ్బిపోయానో! ముప్పై ఏళ్లుగా పుస్తకాలు కుడుతున్నాను గానీ, ఏం చదవాలని నన్ను అడిగిన పాపాన పోయినవాళ్లు లేరు. మా కేటలాగు పెద్దాయన, ఏం తల్లీ మంత్రగత్తెల్లా చీపురు మీద ఎగరడం నేర్చుకుంటున్నావా, నీ బరువుకి చీపురు ఆగుతుందా అని రోజూ ఏడిపించాడు. ఏడిపిస్తే ఏడిపించాడు, పది పుస్తకాలు తెప్పించి పెట్టాడు. అందులో ఐదు నీకు ఏరాను. సరిగా ఏరలేదు. అదే ఇప్పుడు నా బాధ.

ఇప్పుడైతే ఎలా ఏరతానో చెబుతాను విను. ఒంటరి దారికి పుస్తకమే గురువు, కాబట్టి దాన్ని గురువుని పరీక్షించినట్టే పరీక్షించాలి. వేల ఏళ్లుగా చెక్కుచెదరకుండా వస్తున్న విద్య ఇది అని మొదటి పేజీలోనే ఒట్టేసే పుస్తకాన్ని అక్కడే మూసెయ్యి. ఈ దారికి ఈ రూపం వచ్చి వందేళ్లు కూడా కాలేదని నిజాయితీగా ఒప్పుకునేదాన్ని దగ్గర పెట్టుకో. ఇలా చెయ్యి, అలా చెయ్యి అంటే చాలదు, ఎందుకు చెయ్యాలో కూడా చెప్పాలి. నీలం అట్ట సన్న పుస్తకం అలాంటిది. అది రాసినావిడ, ఇది నాకు పనికొచ్చింది, నీకు రాకపోవచ్చు అని అధ్యాయానికోసారి ఒప్పుకుంటుంది. మన వంశంలో అలాంటి మనిషి ఒక్కరైనా పుట్టి ఉండాల్సింది. బంగారు అక్షరాల లావు పుస్తకం మాత్రం పంపడం లేదు. ఏ ఆకు దేనికి, ఏ రంగు కొవ్వొత్తి దేనికి అని వంటింటి డబ్బాల మీద చీటీల్లా మూడొందల పేజీలు నింపాడు మహానుభావుడు. అప్పట్లో అది లావుగా ఉందని, పనితనం బాగుందని ఏరాను. అది బైండరు బుద్ధి.

సంప్రదాయ దారి సంగతి వేరు. వాళ్లు ప్రమాణం చేసి నేర్చుకున్నది అచ్చులో పెట్టరు. పుస్తకం నిన్ను గుమ్మం దాకా తీసుకెళ్లగలదు, లోపలికి తీసుకెళ్లలేదు. అందుకని ఆ దారికి పుస్తకం ఏరేటప్పుడు ఒక్కటే చూడాలి, ఏ గుమ్మం ఎక్కవచ్చో, ఏ గుమ్మం ఎక్కకూడదో అందులో ఉందా లేదా అని. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది.

ఇంకొక్కటి. ఏ పుస్తకమైనా చదవబోయే ముందు పేజీల అంకెలు మొదటినుంచి చివరిదాకా సరిచూసుకో. ఎవరిచ్చినా సరే. నేనిచ్చినా సరే.

ఆకుపచ్చ అట్ట పుస్తకం గుర్తుందా? సంప్రదాయ దారికి మనకు దొరికింది అదొక్కటే. వెన్ను విరిగి వచ్చింది. నీ పుట్టినరోజుకని కొత్తగా కుట్టి ఇచ్చాను. అది మూడుసార్లు చదివావు. నెల తిరక్కుండా బట్టలుతికే దుకాణం గోడ మీద గుంపులో చేర్చుకుంటానని ఎవరో అంటించిన చీటీ చూసి, గురువునని చెప్పుకునే ఆవిడ దగ్గరికి వెళ్లావు. మొదటి వారమే ప్రమాణం చేయించింది. రెండో నెల పని మానిపించింది. మూడో నెలకి అయినవాళ్లతో మాట్లాడకూడదంది. ఆ సాయంత్రమే నువ్వు బట్టలు సర్దుకుని, పుస్తకాలన్నీ నా బల్ల మీద వదిలేసి వెళ్లిపోయావు. గుమ్మంలో నిలబడి నేను నోటికొచ్చినట్టు మాట్లాడాను. నువ్వు ఒక్కమాటా తిరిగి అనలేదు, ప్రమాణం చేశావు కాబట్టి. అది అప్పుడు పొగరనుకున్నాను.

నువ్వు ఆవిడ దగ్గర్నుంచి బయటపడిన సంగతీ, ఎర్ర నోటుబుక్కు సంగతీ మాత్రం నీ ఉత్తరం చూశాకే తెలిశాయి. ఒంటరిగా రాసుకున్నదంతా మురికి అని ఆవిడ తగలబెట్టమందని, అమ్మతో చెప్పుకున్నవన్నీ పోయాయత్తా, నా చేత్తో నేనే అగ్గిపుల్ల గీశాను అని రాశావు. చదివిన నాలుగుసార్లూ అక్కడ ఆగిపోయాను.

నువ్వు వెళ్లాక పిల్లకి విశ్వాసం లేదని మీ నాన్నతో ఫోనులో నోరు పారేసుకున్నాను. వాడు అంతా విని, నువ్వు ఏరి ఇచ్చిన పుస్తకాల్లో ఏముందో ఒకసారి చూసుకో అక్కా అన్నాడు. ఠక్కున ఫోను పెట్టేశాను. వాడు ఇంజన్లో చెడిందెక్కడో చప్పుడు విని చెప్పేస్తాడు, నా గొంతులోనూ ఏదో విన్నాడు.

మూడు పుస్తకాలు వేరే పార్శిలులో పంపుతున్నాను. అట్టలు తుడిచాను, వెన్నులు గట్టిగా ఉన్నాయి. సంప్రదాయ దారి పుస్తకం అందులో లేదు. గోరువెచ్చటి నీళ్లు తాగు, కళ్లు మరీ అలిసేదాకా అద్దాలు అరగదీయకు. నువ్వు గుడ్డిదానివి కాదని మాత్రం ఒట్టేసి చెబుతున్నాను.

ఇట్లు,
జిగురు ఆరని చేతులతో,
నీ అత్త

తా.క.: సంతకం పెట్టేశాక గంటసేపు ఈ కాగితం మడవలేకపోయాను. పదహారు పేజీలు మడిచి కుట్టే చేతికి ఒక్క కాగితం మడత పడలేదు.

ఆకుపచ్చ పుస్తకం నా దగ్గరికి వచ్చినప్పుడు వెన్ను తప్ప అన్నీ ఉన్నాయి. చివరి పదహారు పేజీల మడత నేనే తీసేశాను. బయటపడకుండా ముందున్న విషయసూచిక ఆకు కూడా తీసేశాను. గుంపుని ఎలా వెతుక్కోవాలో ఆ మడతలో ఉంది. ఇంటికి వెళితే కిటికీలో కొవ్వొత్తి వెలుగుతూ ఉండేది, నాకు ఉన్నదల్లా అదే. గుంపు దొరికితే నువ్వు నాకు దక్కవని భయపడ్డాను. కుట్టు ఎంత బాగా కుదిరిందంటే చూసుకుని మురిసిపోయాను కూడా. చివర్లో తెగినట్టుందేంటి అత్తా అని నువ్వడిగావు. పాత పుస్తకాలంతేనే, వెనకాకులు ముందు రాలిపోతాయి అన్నాను. నువ్వు నమ్మావు.

అప్పుడు మొదటి రెండు మూడు పేజీలు చూసి తీసేశాను. మొత్తం చదివింది మొన్న మంగళవారమే. సగం పేజీలు ఎక్కడ వెతకాలో చెబుతాయి. మిగతా సగం ఎవరి దగ్గర ఉండకూడదో. విద్య తెలిసిన గురువు ప్రమాణానికి ముందు ఏడాదీ ఒక రోజూ ఆగమంటారట, మొదటి వారమే ప్రమాణం అడిగితే లేచి వచ్చేయమని ఉంది. పని మానమనేవాళ్లు, అయినవాళ్లతో మాట్లాడొద్దనేవాళ్లు గురువులు కారని ఉంది. ఆ మడతలో పద్నాలుగో పేజీ చూడు. నీ నోటుబుక్కు నీది, దాన్ని అడిగే హక్కు ఎవరికీ లేదు అని ఉంది.

హెచ్చరిక నీ కంటపడకపోవడం కాదమ్మా. నేను పడనివ్వలేదు.

పారేయడానికి చేతులు రాక దాచిన ఆ పదహారు పేజీలూ, సూచిక ఆకూ ఈ కవరులో ఉన్నాయి. పుస్తకం నా బల్ల మీద ఉంది, కుట్లు విప్పేశాను. నువ్వు ఆ పేజీలు తీసుకుని వస్తే నీ ఎదురుగా కూర్చుని కుడతాను. రాకపోతే అది అలాగే విడివిడిగా ఉంటుంది. నేను దానికి అట్ట వెయ్యను.