ఆవుకు పెట్టిన కూర

కాటన్‌పేట, బెంగళూరు
19 జూన్ 2005

చిరంజీవి తమ్ముడు పద్మనాభానికి, అన్న గురుమూర్తి దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. వీధి చివర ఐ.ఎస్.డి. బూతు ఉండగా నాలుగు హోటళ్ల పేర్లు చెప్పడానికి ఇంత కాగితం దేనికని మీ వదిన సత్యభామ కూడా అంది. రెండుసార్లు బూతు దాకా వెళ్లాను. ఫోనులో నువ్వు "చెప్పన్నా" అంటావు, నేను "ఏముందిరా" అంటాను, అంతటితో అయిపోతుంది. పదమూడేళ్లుగా మన ఇద్దరికీ అదే అలవాటు. వెనక్కి వచ్చి కాగితం తీశాను.

ఇక్కడ మేమిద్దరం కులాసా. "అందరం" అని రాయబోయాను గానీ, అమ్మ పోయిన తర్వాత ఈ ఇంట్లో అందరం అంటే ఇద్దరమే. అక్కడ బ్యాంకాక్‌లో నువ్వూ, మాలీ, చిరంజీవి శ్రీజా సుఖంగా ఉన్నారని తలుస్తాను.

నా చక్కెర గురించి అడిగావు. అది నాకంటే ఆరోగ్యంగా ఉంది. చిక్కపేట అంగడికి పొద్దున రెండు గంటలు పోయి కూర్చుని వస్తున్నాను. చీర మడత విప్పడానికి నడుం వంగదు గానీ, విప్పిన చీర మీద వ్యాఖ్యానం చెప్పడానికి నోరు ఇంకా బాగానే ఆడుతోంది. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, చీరలు చుట్టే పాత పత్రికలు చదివి చదువుకున్నవాణ్ణి. అందుకే నాకు అన్ని విషయాలూ సగం దాకానే తెలుసు, మిగతా సగం పేజీ ఎవరి చీరతోనో పోయి ఉంటుంది.

ఇక నువ్వు అడిగిన అసలు సంగతి. శ్రీజకు ఇక్కడ కాలేజీలో సీటు వచ్చిందనీ, ఆగస్టు నుంచి ఇందిరానగర్ హాస్టల్లో ఉంటుందనీ రాశావు. "వాళ్లమ్మ వంట లేకపోతే పిల్లకు ముద్ద దిగదు. హాస్టల్ దగ్గర మంచి థాయి హోటళ్లు రెండు మూడు చూసి పెట్టన్నా. అంతకు మించి నిన్ను ఏమీ అడగను" అన్నావు. ఆ చివరి మాట దగ్గర నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. ఆరు మైళ్ల దూరంలో పెదనాన్న ఇల్లు ఉండగా, తమ్ముడు తన కూతురికి హోటలు వెతికిపెట్టమంటున్నాడు. ఎందుకో నాకు తెలియక కాదు. దాని కింద నువ్వు రాసిన వాక్యం కూడా చదివాను, "మాలీ ఆ ఇంటి గడప తొక్కదు, పిల్లను తొక్కనివ్వదు" అని.

సరే, ముందు హోటళ్లు.

నేను ఒంటరిగా హలసూరు దాటి ఎన్నేళ్లయిందో చెప్పలేను. అందుకని మన వీధి మొదట్లో ఆటో పెట్టుకునే రామాంజినప్పను మాట్లాడుకున్నాను. మడకశిర మనిషి, నా కంటే పదేళ్లు చిన్న, నోరు మాత్రం పదేళ్లు పెద్ద.

"ఇందిరానగర్‌లో ఏముండాది శెట్రే?" అన్నాడు.

"థాయి హోటలు."

"ఆడ ఏం పెడతారు?"

"కూర."

"కూర కోసం ఆడిదాకానా? శెట్టమ్మతో కొట్లాడినారా ఏమప్పా?"

లేదని ఒట్టు వేసినా నమ్మలేదు. దారి పొడుగునా సంసారం ఎట్లా సర్దుకోవాలో నాకు బోధించాడు.

మొదటి హోటలు పెద్దది. లోపల ఎంత చీకటంటే, నా కుర్చీ నేను తడుముకుని కూర్చున్నాను. వాళ్లిచ్చిన కార్డు మన ఇంటి శుభలేఖ కంటే బరువుగా ఉంది. వడ్డించే అబ్బాయిని శాకాహారం ఏముందని అడిగితే ఒక పేజీ అంతా చూపించాడు.

"ఇందులో చేప నీళ్లు పడతాయా నాయనా?"

"ప్యూర్ వెజ్ సార్."

"చేప నీళ్లు?"

"ఫిష్ సాసా? అది కొంచెమే సార్. వాసనకు."

నమస్కారం పెట్టి బయటికి వచ్చాను. రామాంజినప్ప నన్ను చూసి, "అప్పుడే తినేసినారా? ఏం ఆకలప్పా మీది!" అన్నాడు. ఇద్దరం రోడ్డు మీద బోండాం నీళ్లు తాగి ఇల్లు చేరాం.

రెండోదానిలో చేప భయం లేదు గానీ, పాయసంలో పచ్చిమిరపకాయ తుంచి వేసినట్టు ఉంది ఆ కూర. నా మొహం చూసి వంటవాడే బయటికి వచ్చాడు. "మా కస్టమర్లకు స్వీట్‌గానే కావాలండీ" అన్నాడు. పిల్లను అక్కడికి పంపకు. మూడోదానికి పోయేసరికి తలుపు మీద తాళం, తాళం మీద తుప్పు.

ఇక్కడ నీకొక అనుమానం రావాలి. కాటన్‌పేటలో పుట్టి చిక్కపేటలో ముసలివాడైన ఈ అన్నకు, వక్క ముక్క కూడా అమ్మ చూసి ఇస్తే తప్ప నోట్లో వేసుకోని ఈ శెట్టికి, థాయి కూరల్లో ఏది మంచిదో ఏది చెడ్డదో ఎట్లా తెలుసు? ఆ అనుమానాన్ని అట్లాగే పట్టుకో. దాని దగ్గరికే వస్తాను.

నాలుగోది హోటలని బోర్డు చూస్తే తప్ప తెలియదు. హాస్టల్‌కు రెండు వీధుల అవతల, ఒక ఇంటి మేడ మీద ఆరు బల్లలు. నడిపే ఆవిడ పేరు మమత. నెల్లూరు పిల్ల, భర్త ఉద్యోగం వల్ల ఎనిమిదేళ్లు మీ బ్యాంకాక్‌లో ఉండి వచ్చింది. నా తెలుగు విని, "రండి అంకుల్, కూర్చోండి" అని ఫ్యాను నా వైపు తిప్పింది.

"కూరలో ఉస్తికాయలు వేస్తావామ్మా?" అని అడిగాను.

ఆ పిల్ల చేతిలో నీళ్ల జగ్గు అట్లాగే ఆగింది. "మీకెట్లా తెలుసు అంకుల్? ఇక్కడ ఎవరూ అడగరే! మార్కెట్‌లో ఉస్తికాయలు దొరికిన రోజే గ్రీన్ కర్రీ చేస్తాను. దొరక్కపోతే ఆ పూట లేదని చెప్పేస్తాను."

"ఈ రోజు దొరికాయా?"

"మీ లక్."

చేప నీళ్ల సంగతి అడిగితే నన్ను వంటింట్లోకే తీసుకుపోయి చూపించింది. శాకాహారులకు వేరే పొయ్యి, వేరే గిన్నెలు. అక్కడ ఏం చూశానో చెబితే నవ్వుతావు. ఆయుర్వేదం అంగట్లో దగ్గుకు ఇచ్చే దుంపరాష్ట్రం, పచ్చిది, తడిగా. మజ్జిగలో అమ్మ వేసే దబ్బాకుకు చుట్టమైన ఆకు ఒకటి. నిమ్మగడ్డి. కొబ్బరిపాలు. ఉప్పుమజ్జిగలో ఊరబెట్టి అమ్మ మిద్దె మీద ఎండబెట్టేదే, ఆ ఉస్తికాయ, పచ్చిదే గుప్పెడు. ఇవన్నీ మనకూ తెలిసినవే. కలపడం ఒక్కటే మనకు తెలియదు.

తిన్నాను. ఉస్తికాయ పంటి కింద చిట్లి, ఆ చేదు కొబ్బరిపాలల్లో కలిసింది. అదే రుచి. కొంచెం ఉప్పు తక్కువ, అంతే.

"చేప లేకుండా ఇంత బాగా ఎట్లా వచ్చిందమ్మా?" అన్నాను.

"బ్యాంకాక్‌లో నేర్చుకున్నాను అంకుల్. ఏడాదికి తొమ్మిది రోజులు అక్కడ చాలామంది శాకాహారం తింటారు. పట్టింపు ఉన్నవాళ్లయితే చేప తగిలిన గిన్నె కూడా ముట్టరు. మా పక్కింటావిడ ఆ తొమ్మిది రోజుల కోసం కొత్త గిన్నె కొనేది. కొన్నదని తెలియాలని దాని స్టిక్కర్ కూడా పీకేది కాదు."

నేను చెంచా కింద పెట్టాను.

తమ్ముడూ, ఇక్కడి నుంచి మాలీని పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె భాషలో చదివి వినిపించు. ఏదీ మెత్తబరచవద్దు. ఆ రోజు అమ్మ అన్న మాటను నువ్వు ఉన్నదున్నట్టు ఆమెకు చెప్పావు. ఈ రోజు నా మాటను కూడా అట్లాగే చెప్పు.

తొంభై రెండులో నాలుగేళ్ల శ్రీజను ఎత్తుకుని మీరు వచ్చినప్పుడు, అమ్మ ఆమెను వంటింట్లోకి రానివ్వలేదు. పెరట్లో కిరసనాయిలు స్టవ్ పెట్టించింది. మాలీ తన బట్టల పెట్టెలో, చీరల మడతల మధ్య నుంచి ఒక గిన్నె తీసింది. అడుగున మీ థాయి అక్షరాల కాగితం ఒకటి అంటించి ఉంది. అమ్మ అది చూసి, "అంగడి కాగితం కూడా పీకలేదు చూడు, ఎంత ఆర్భాటమో" అంది. నేనూ నవ్వాను. అప్పటికే నలభై ఏళ్లు చీర అంచు చూసి ఏ ఊరి మగ్గమో చెప్పినవాణ్ణి, ఆ గిన్నె చెబుతున్నది చదవలేకపోయాను. మన కోసం ఆమె ఎన్నడూ చేప తగలని గిన్నె కొని, అంత దూరం మోసుకొచ్చింది. ఆ సంగతి నాకు తెలిసింది ఈ నెలలో, ఇందిరానగర్ మేడ మీద.

భోజనాల దగ్గర అమ్మ అన్నీ వడ్డించింది, ఆ గిన్నె మూత మాత్రం తీయలేదు. మాలీ తలుపు దగ్గర నిలబడి చూస్తూనే ఉంది. తర్వాత మీరిద్దరూ పిల్లను తీసుకుని టికెట్ల కోసం స్టేషన్‌కు పోయారు. అమ్మ నడుం వాలుస్తూ, "గురూ, ఆ గిన్నె కెంపమ్మకు ఇచ్చి ఆవుకు పెట్టించురా" అంది. కెంపమ్మ ఆవు రోజూ మధ్యాహ్నం మన గుమ్మం ముందుకు వచ్చేది, నీకు గుర్తుండే ఉంటుంది.

ఆ రోజు ఆ ఆవు మన వీధికి రాలేదు. నేను పెరట్లో గిన్నె పట్టుకుని నిలబడ్డాను. మూత తీశాను. వాసన చూద్దామనే తీశాను. తర్వాత ఒక ఉస్తికాయ. తర్వాత ఇంకొకటి. అన్నం లేదు, ఆకు లేదు, నిలబడి చేత్తోనే తిన్నాను. అడుగున మిగిలింది వేలితో తుడిచి నాకాను. జీవితంలో మొదటిసారి కుళాయి దగ్గర కూర్చుని గిన్నె కడిగి బోర్లించాను.

ఆ కూర ఏ ఆవుకూ పెట్టలేదు. నేను తిన్నాను.

సాయంత్రం మీరు వచ్చారు. ఖాళీ గిన్నె చూడగానే మాలీ ముఖం వెలిగింది. తిన్నారా అని నీ చేత అడిగించింది. అమ్మ, "ఆవుకు పెట్టించినాము" అంది. నువ్వు నా వైపు చూశావు. ఎవరైనా కాదంటారేమోనని చూశావు. నేను గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను. నువ్వు ఆమెకు చెప్పావు. మరో వారం ఉండవలసినవాళ్లు మర్నాడే వెళ్లిపోయారు. గిన్నె ఇక్కడే వదిలేశారు.

అమ్మ మీదికి తోసేయడం ఇప్పుడు సులువు, ఆమె లేదు. ఆమె అనుకున్నదే ఆమె చెప్పింది. అబద్ధం నాది. కోడలి చేతి కూర దొంగతనంగా తిన్నానని అమ్మ ముందు ఒప్పుకోవడానికి యాభై ఒక్క ఏళ్ల మగవాడికి సిగ్గేసింది. ఆ సాయంత్రం చెప్పనిది ఆ వారం చెప్పలేకపోయాను, ఆ వారం చెప్పనిది పదమూడేళ్లు చెప్పలేదు. అమ్మ కర్మకు కూడా మాలీ రాలేదని మన వాళ్లు అంటే, అప్పుడూ క్యాలెండరే చూశాను.

మొన్న సత్యభామకు చెప్పాను. ఆమె చాట దించకుండానే, "నాకు ఆ రోజే తెలుసు" అంది.

"ఎట్లా?"

"ఆ సాయంత్రం చారన్నం వద్దన్నారు. పెళ్లయినాక మీరు చారు వద్దనింది ఆ ఒక్క రోజే. తెలిసినా అత్తకు భయపడి నేనూ నోరు మూసుకుంటి. తిన్నందుకు కాదు నా కోపం. నాకొక ముద్దన్నా ఉంచినారా?"

మాలీ, క్షమించమని అడిగే నోరు నాకు లేదు. కూర బాగుందని చెప్పవలసిన మాట ఒకటి బాకీ పడి ఉంది, అది చెబుతున్నాను. చాలా బాగుంది. నా జన్మలో అట్లాంటిది తినలేదు. ఇందిరానగర్ అంతా తిరిగి నేను వెతికింది శ్రీజ కోసమే అయినా, తిన్న ప్రతిచోటా రుచి చూసింది నీ కూరతో పోల్చుకునే. పిల్ల హాస్టల్లోనే ఉండనీ, నీ ఇష్టం. దిగబెట్టడానికి నువ్వు వస్తే, ఈ గడప తొక్కాలా వద్దా అనేది కూడా నీ ఇష్టమే. వంటింటి తలుపు మాత్రం తెరిచే ఉంటుంది.

పద్మనాభం, నువ్వు రెండు మూడు హోటళ్లు అడిగావు. దొరికింది ఒకటే. చిరునామా విడిగా రాసి ఈ కవరులోనే పెట్టాను. రెండోది కాటన్‌పేటలోనే పెడతానంటోంది మీ వదిన. రెండు గురువారాలుగా రామాంజినప్ప ఆటోలో మమత దగ్గరికి పోయి నేర్చుకుంటోంది. మొదటిసారి చేసింది పచ్చగా వచ్చింది, అంతవరకే చెప్పగలను. రామాంజినప్పకు కూడా పెట్టాం. తిని, "దీనికోసమా మనం ఇన్నాళ్లు తిరిగింది?" అని, ఇంకొంచెం వేయించుకున్నాడు.

నిన్న పొద్దున స్టూలు ఎక్కి అటక మీద నుంచి ఆ గిన్నె దించాను. సత్యభామ చింతపండు పెట్టి తోమింది. అడుగున కాగితం సగం చిరిగి ఉంది, గోటితో గీకబోయింది. వద్దన్నాను. అట్లాగే పొయ్యి పక్కన బోర్లించింది.

ఇట్లు,
శ్రీజ పెదనాన్న
గురుమూర్తి