ఇండియా లేని పట్టిక

మల్కాపురం,
ఆదివారం మధ్యాహ్నం.

అప్పకు నీ చెల్లెలు సత్యవతి నమస్కారాలు.

నీ మోకాలి నొప్పి తగ్గిందా, బావగారు మందులు వేళకు వేసుకుంటున్నారా, ఈ రెండూ ముందు రాయి. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. ఫోన్‌లో నీకు నా మాట సగమే వినపడుతుంది. ఈ సంగతి సగం వింటే లాభం లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

ఎలమంచిలి వదిలి వచ్చి తొమ్మిది నెలలైంది. ఇక్కడి గాలి ఇంకా అలవాటు కాలేదు. రేవు వైపు నుంచి గాలి తిరిగితే ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిద రంగుకు వస్తుంది. బట్టలు ఏ వేళ ఆరేస్తే మంచిదో పదిహేను రోజులు చూసి, రాసుకుని, పొద్దున్న ఏడింటిలోపు అని తేల్చాను. దానికి మీ మరిది ఇప్పటికీ నవ్వుతారు. చేపలు మన దగ్గరకంటే తాజాగా దొరుకుతాయి గానీ తినేది ఇద్దరమే. ఆయన డ్యూటీకి వెళ్ళాక ఇంట్లో మాట వినపడదు. అలా అని దిగులుపడకు, బాగానే ఉన్నాను. మధ్యాహ్నాలు ముందు గదిలో ఆడవాళ్ళకు ఇంగ్లీషు చెబుతున్నానని రాశాను కదా, దానితో పొద్దు గడిచిపోతోంది. ఇప్పుడు చిక్కు వచ్చిపడింది ఆ పాఠం దగ్గరే.

వచ్చేవాళ్ళలో కొండమ్మ అని ఒకతె ఉంది. ఆమె భర్త రేవులో మూటలు మోసేవాడు, కాలు విరిగి మంచం మీద ఉన్నాడు. ఓడల మీద వచ్చేవాళ్ళు దిగే వసతి గృహం ఒకటి ఉంది, అందులో భోజనం వడ్డించే పని ఖాళీ అయింది. వచ్చేవాళ్ళు రకరకాల దేశాలవాళ్ళు. మీది ఏ దేశం, మీ భాష ఏమిటి అని నాలుగు ముక్కలు ఇంగ్లీషులో అడగడం, చెప్పడం వస్తే చాలన్నారు. ఆ పని దొరికితేనే ఆ ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలుగుతుంది.

అందుకని పాఠం పద్ధతిగా మొదలుపెట్టాను. అట్ట మీద మూడు వరసలు గీశాను. దేశం, ఆ దేశపు మనిషిని ఏమంటారు, భాష. రష్యా, రష్యన్, రష్యన్. జపాన్, జపనీస్, జపనీస్. అన్నీ ఒకేసారి చెబితే కలగాపులగం అవుతాయని మనిషికో దేశం పంచాను. పక్క వీధిలో బట్టలు కుట్టే నూర్జహాన్‌కు జపాన్ వచ్చింది. ఓడల మీద ఫిలిప్పీన్స్ వాళ్ళు ఎక్కువని విని కొండమ్మకు అది ఇచ్చాను. మూడు వారాలు, రోజూ, ఆమె గుమ్మంలోకి రాగానే "వేర్ ఆర్ యూ ఫ్రమ్?" అనేదాన్ని. చెప్పులు విప్పుతూనే "ఐ యామ్ ఫ్రమ్ ఫిలిప్పీన్స్, ఐ యామ్ ఫిలిపినో, ఐ స్పీక్ ఫిలిపినో" అని అప్పజెప్పేది. ఒక్క రోజూ తడబడలేదు. నా పుస్తకంలో ఆమె పేరు ఎదుట అన్నీ టిక్కులే.

శుక్రవారం ఆ వసతి గృహం వాళ్ళు ఆమెను మాట్లాడడానికి పిలిచారు. పాఠం వేళకు వచ్చి, లోపలికి రాకుండా మెట్టు మీద కూర్చుంది.

"ఏటయింది కొండమ్మా?" అన్నాను.

"వేర్ ఆర్ యూ ఫ్రమ్ అన్నాడు మేనేజరు. నాను ఫిలిప్పీన్స్ అని గడగడా సెప్పేసినాను."

"అదేటే?"

"మరి నువ్వు రోజూ అడిగితే అదే కదా సెప్తన్నాను మాస్టారమ్మా. ఆయన సేతిలో నా ఆధార్ కార్డు ఉంది. దాన్ని సూసి, నన్ను సూసి, ఏంటమ్మా వేళాకోళమా అని ఎల్లిపొమ్మన్నాడు."

నూర్జహాన్ కుట్టు గుడ్డ పక్కన పెట్టి, "పోనీలే కొండా, నానైతే జపాన్ అనుందును. నా మొకం సూసి పోలీసుల్ని పిలుద్దురు" అంది. కొండమ్మ నవ్వలేదు. "ఇంటికెల్లి ఆయనకేటి సెప్పాలి?" అని మాత్రం అడిగింది.

తప్పు ఆమెది కాదు, అప్పా. నా పట్టికలో పన్నెండు దేశాలున్నాయి, మనది లేదు. మరిచిపోయి వదిలేయలేదు. మొట్టమొదట రాసింది మన దేశమే. ఇండియా, ఇండియన్ అని రాసి మూడో గడి దగ్గర ఆగిపోయాను. తెలుగు అని రాస్తే, మా ఇంట్లో ఉర్దూ కదా అని నూర్జహాన్ అడుగుతుంది. హిందీ అని రాస్తే కొండమ్మకు ఒక్క ముక్క రాదు. అన్ని గళ్ళూ ఒక్కో మాటతో నిండి, ఆ ఒక్కటీ నిండకపోవడం నా కంటికి నచ్చలేదు. ఆ అట్టముక్క కత్తిరించేశాను. మన దేశం మనకు తెలియదా అని సర్దిచెప్పుకున్నాను. గడి అందం చూసుకుని ఒక మనిషి తిండి పోగొట్టాను.

రేపు ఆ పని వేరేవాళ్ళకు ఇచ్చేస్తారట. ఈలోపు వెళ్ళి తప్పు నాదని చెప్పాలి. మీ మరిది, "పాఠం సెప్పినోళ్ళు పరీచ్చకి కూడా ఎల్తారేటి? నీకెందుకే?" అంటున్నారు. ఆఫీసులో మనిషి ఎదుట నిలబడి మాట్లాడిన అలవాటు నాకు లేదని నీకు తెలుసు. అయినా వెళ్తాను. ఈ ఉత్తరం అతికించకుండా ఉంచుతాను.

సోమవారం సాయంత్రం.

కొండమ్మా నేనూ వెళ్ళాం. బయట బల్ల మీద మాకంటే ముందు ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్నారు, ఇద్దరూ చదువుకున్నట్టే ఉన్నారు. కొండమ్మ కళ్ళు మూసుకుని, దారిలో నేను నేర్పినట్టు ఇండియా, ఇండియన్, తెలుగు అని గొణుగుతూనే ఉంది. నా చేతిలో అట్ట చెమటకు మెత్తబడింది.

లోపలికి వెళ్ళగానే మేనేజరు, "మళ్ళీ వచ్చారేంటి?" అన్నాడు. నేను అట్ట బల్ల మీద పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన పన్నెండు దేశాలూ పైనుంచి కిందకు చదివాడు.

"అయితే టీచరు మీరన్నమాట. మేడమ్, విచ్ కంట్రీ ఆర్ యూ ఫ్రమ్?"

"ఎలమంచిలి" అన్నాను.

ఎవరు ఎక్కడివాళ్ళని అడిగినా పుట్టింటి ఊరు చెప్పడమే కదా మనకు అలవాటు. భయంలో అదే నోటికొచ్చింది. ఆయన పెన్ను కింద పెట్టాడు. ఇక అంతా అయిపోయింది అనుకున్నాను.

అప్పుడు కొండమ్మ నా ముందుకు జరిగింది.

"సార్, షీ ఈజ్ ఫ్రమ్ ఇండియా. షీ ఈజ్ ఇండియన్. షీ స్పీక్ తెలుగు. నూర్జహాన్ స్పీక్ ఉర్దూ. నూర్జహాన్ ఆల్సో ఇండియా." ఆ తర్వాత నా మోచేయి పట్టుకుని మెల్లగా, "బయపడకమ్మా, నానున్నాను కదా" అంది.

ఆయన నా వైపు మళ్ళీ చూడలేదు. "రేపు పొద్దున్న ఏడింటికి రా. నెల రోజులు చూస్తాను" అని ఆమెకు చెప్పాడు. ఆమె దండం పెట్టి, గుమ్మం దాకా వచ్చి, వెనక్కి తిరిగి, "ఫిలిప్పీన్సోళ్ళు కారం తింటారా సార్?" అని అడిగింది. ఆయనకు నవ్వొచ్చింది.

నెల గడిచాక ఏమవుతుందో తెలియదు, కానీ రేపటికి పని ఉంది. ఇండియా అట్టముక్క మళ్ళీ రాశాను. మూడో గడి ఈసారి పెద్దదిగా గీసి తెలుగు, ఉర్దూ అని రాశాను, ఇంకా చోటుంది. నువ్వు బడిలో వాడిన గుడ్డ మ్యాపు అటక మీద ఉంటే దులిపి, ఎవరైనా ఇటు వస్తుంటే పంపు. దానితో పాటు నాలుగు వడియాలు పెడితే మీ మరిది సంతోషిస్తారు.

పుస్తకంలో ఈ రోజు కొండమ్మ పేరు ఎదుట టిక్కు పెట్టాను. దాని కింద నా పేరు కూడా రాసి, ఎదుట ఖాళీ ఉంచాను.

బావగారికి నా నమస్కారాలు చెప్పు. కొండమ్మకు ఈ నెల గట్టెక్కాలని నువ్వూ ఓ మాట మనసులో అనుకో, నీ దీవెన మా ఇద్దరికీ కావాలి.

ఇట్లు,
ఎలమంచిలి దేశస్థురాలు,
నీ చెల్లెలు సత్యవతి.