ఎవరి ముందు?

హైమావతి ఆంటీకి,

ఇది ఫోనులో చెప్పేది కాదు, అందుకే రాస్తున్నాను. మీ ఎదురు ఫ్లాట్ జపాన్ ఆవిడ హమాదా గారిని మా సైన్స్ పార్క్ ఆఫీసుకు తీసుకొచ్చి ఎంత మేలు చేశారో మీకు తెలియదు.

మనసును ఎలా అదుపు చేసుకుంటారో అడిగే ప్రశ్నలను జపాన్ వాళ్లకు సరిపడేలా మారుస్తున్నాం కదా. "నా బాధ బయటికి కనబడనివ్వను" అన్నచోట ఒకటి నుంచి ఐదు దాకా ఒక అంకెకు సున్నా చుట్టాలి. ఐదంటే అస్సలు కనబడనివ్వనని. ఆవిడ పెన్సిల్ పక్కన పెట్టి, "ఎవరి ముందు?" అన్నారు. మీరేమో, "అవును మరి, అందరి ముందూ ఒకేలా ఉంటామేంటమ్మా?" అని నవ్వారు. రెండేళ్లుగా మాలో ఒక్కరికీ తట్టలేదు! ఇప్పుడు ఆ ప్రశ్నను ఎవరి ముందు ఎలా అని విడదీశాం.

కొత్త ఫారం ముందు నేనే నింపాను. ఆఫీసులో ఐదు. బిడ్డ నిలవలేదని తెలిసిన రోజు మీ వంటింట్లో కూలబడ్డాను చూడండి, అక్కడ ఒకటి. మా ఆయన లోహిత్ ముందు మాత్రం ఐదే. తను ధైర్యంగా ఉన్నాడు, కదిలించడం ఎందుకని.

నిన్న తనకూ ఒకటి ఇచ్చాను. 'భార్య ముందు' అన్నచోట తనూ ఐదే చుట్టాడు.

నాలుగు నెలలకు నిన్న ఇద్దరం కలిసి ఏడ్చాం, ఆంటీ. హమాదా గారికి నా నమస్కారాలు చెప్పండి.

మీ పక్క బ్లాకు అమ్మాయి